తేదీ లేని ముక్క

మా పెదనాన్న వడ్రంగి. ఆయన బిగించిన తలుపు చచ్చినా కిర్రుమనదు. ఫిట్స్ జబ్బున్నా, రోజూ బిళ్ళ వేసుకుంటూ ఏళ్ల తరబడి నిక్షేపంగా పనిచేసుకున్నాడు. అలాంటి మనిషికి మళ్ళీ ఫిట్స్ మొదలయ్యాయి. రంపం మిషను పక్కనే పడిపోయేసరికి, నయమయ్యేదాకా పనిలోకి రావద్దన్నాడు యజమాని.

ఇక ఇంట్లో రభస. మా పెద్దమ్మ టైలరు. ఆవిడ నోరు కూడా కత్తెరే. బిళ్ళలు వేసుకోకుండా ఎక్కడో పారేస్తున్నావని ఆయన మీద విరుచుకుపడింది. వేసుకుంటున్నానే అని ఆయన మొత్తుకున్నా వినలేదు. చంటిపిల్లాడికి చూసినట్టు నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేది. ఫిట్సూ ఆగలేదు, ఆవిడ అనుమానమూ ఆగలేదు. చూస్తున్న నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి డాక్టరు, అసలా బిళ్ళలేవో చూపించమన్నాడు. పెద్దమ్మ ఆ పొద్దున కొన్న స్ట్రిప్ ముక్క తీసి ఇచ్చింది. మందు పేరు ఇంత లావున ఉంది. గడువు తేదీ మాత్రం లేదు. గడువు దాటిన మందుకు బలం తగ్గిపోయి ఉండొచ్చు, కనుక్కోండి అన్నాడాయన. ఏ వారానికావారం కొనుక్కునేవాళ్ళకి షాపువాడు ముక్క కత్తిరించి ఇస్తాడు. తేదీ ఉన్న కొస వాడి సొరుగులోనే ఉండిపోతుంది. ఆ తయారుచేసే మహానుభావులైనా, పేరు వీపంతా అచ్చేసి తేదీని ఓ మూల చీమతలంత కొట్టడమెందుకు? ఇంకో చోట కూడా వేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

నేనూ పెద్దమ్మా నేరుగా షాపుకి వెళ్ళాం. అంతా మంచి సరుకేనని వాడు నసుగుతుండగానే పెద్దమ్మ లోపలికెళ్ళి సొరుగు లాగింది. అందులోని ముక్కల్ని ఒక్కొక్కటే మా ముక్క పక్కన పెట్టి చూసింది. బ్యాచ్ నంబరు మధ్యలోంచి కత్తెర పడింది. సగం అంకెలు మా దాని మీద, మిగతా సగం సొరుగులో దాని మీద. అంచుకి అంచు సరిగ్గా కలిసింది. ఆ కొసనే తేదీ ఉంది. గడువు పోయిన ఏడాదే ముగిసింది.

చూసుకోలేదట! అక్కడ మనిషి రంపం పక్కన పడిపోతే, వీడు తేదీ చూసుకోలేదట. పైగా కొత్త స్ట్రిప్ నిండుగా ఉన్నది తీసి ఇవ్వబోయాడు.

పెద్దమ్మ అందుకోలేదు. "అది తర్వాత. ముందు మా ఇంటికొచ్చి ఆయనకి చెప్పు. తప్పు నీదని చెప్పు."

వచ్చాడు. గుమ్మంలో నిలబడి తల వంచుకుని చెప్పాడు. పెదనాన్న వాడి వంక చూడనే లేదు. పెద్దమ్మ వైపే చూశాడు.

"నేను చెప్తే నమ్మలేదు. వాడు చెప్తే నమ్ముతావన్నమాట."