ఉయ్యాల మీద వ్యోమగామి

మీ ఇంట్లో ఎవరికైనా తలతిరుగుడు ఉంటే ఇది వాళ్ళకి చదివి వినిపించకండి. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు. ఒక ఆడపిల్ల తన చెవిని నమ్మి, కళ్ళకి గంతలు కట్టుకుని, తన చదువుని తానే గోదాట్లో కలపబోయిన ఘోరం ఇది. ఆ ఆడపిల్ల నేనే.

మన దేశం మనిషి రోదసిలోకి వెళ్ళొచ్చిన ఏడాది అది. ద్రాక్షారామంలో ఇంటర్ రెండో ఏడు చదువుతున్న నేను, ఈసారి వెళ్ళేది నేనేనని తీర్మానించేసుకున్నాను. అందుకు కాకినాడలో బి.ఎస్సీ. చదవాలి. బెల్లం వ్యాపారం చేసే మా నాన్నేమో, ఆడపిల్లకి ఇంటర్ చాలన్నారు.

అట్లతద్ది సాయంత్రం పెరట్లో మామిడికొమ్మకి వేసిన ఉయ్యాల ఊగుతూ, పిన్ని కూతురు రమణికి పాఠం చెబుతున్నాను.

"పైదాకా వెళ్ళి వెనక్కి తిరిగేటప్పుడు కడుపులో ఖాళీగా ఉంటుంది చూడు, బరువు లేకపోవడమంటే అదేనే. రోదసిలో రోజంతా అంతే."

"రోజంతానా? వాంతులవ్వవూ?"

"అవుతాయి. చెవి లోపల నీళ్ళున్న సన్నటి గొట్టాలుంటాయి, ఇసుక రేణువుల్లాంటి రాళ్ళుంటాయి. ఎటు తిరుగుతున్నామో, ఏది పైనో ఏది కిందో చెప్పేవి అవే. అక్కడ బరువు లేక రాళ్ళు తేలిపోతాయి. ఇక చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకోటి చెబుతుంది. తోడికోడళ్ళ తగువే అనుకో."

"మరి మందేంటి?"

"ఒకరి నోరు మూయించడమే! కళ్ళకి గంతలు కట్టుకుంటే తగువెక్కడిదీ?"

ఈ చివరి ముక్క ఏ పుస్తకంలోనూ లేదు, నా సొంత కవిత్వం.

అరుగు మీద పడక్కుర్చీలో ఉన్న నాన్న విన్నారు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందిట!"

"ఉట్టి సంగతి అమ్మ చూసుకుంటుంది నాన్నా. నేను తిన్నగా స్వర్గానికే."

"అలాగా! అయితే గిరగిరా తిరిగి, దిగి, తిన్నగా నా దగ్గరికి నడిచి రా. వస్తే కాకినాడ. పడ్డావో, ఇంకెప్పుడూ కాలేజీ మాటెత్తకూడదు."

బుద్ధున్నవాళ్ళు ఖాళీ కడుపుతో, అదీ ఉపవాసం రోజున, ఇలాంటి పందేనికి దిగరు. నేను తువ్వాలు గంతలు కట్టుకుని మరీ దిగాను. రమణి మోకులు బాగా మెలిపెట్టి వదిలింది. నాకన్నా బొంగరం నయం. కానీ వింత చూడండి, కాసేపటికి తిరగడం ఆగిపోయినట్టే అనిపించింది.

"అప్పుడే ఆగిపోయిందేంటే?"

"ఆగడమేంటే బాబూ, ఇంకా తిరుగుతుంటేనూ!"

"ఆగింది! నా చెవి చెబుతోంది!"

గెలిచేశానని మురిసిపోయాను. అప్పుడు రమణి ఉయ్యాలని నిజంగానే పట్టుకుని ఆపింది. చెవిలో నీళ్ళు మాత్రం ఆగలేదు. గంతలు విప్పాను.

"అమ్మో! నీ కళ్ళు టైపు మిషనులా కొట్టుకుంటున్నాయే! మెల్లగా ఇటు, టక్కున అటు!"

నాకు కనిపించింది వేరు. అగ్గి అంటుకున్నా కుర్చీ వదలని మా నాన్న, కుర్చీతో సహా గేదెల పాకవైపు పరిగెడుతున్నారు.

"ఆగండి నాన్నా! పారిపోతే పందెం చెల్లదు!" అని వెంటపడ్డాను.

కుడితిలో పడ్డ ఎలుక అంటారే గానీ, ఆ ఎలుకకి ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. జుట్టంతా తౌడు. తొట్టి పక్కన గేదె, పిలవని పేరంటానికి వచ్చినదాన్ని చూసినట్టు చూసింది. కాకినాడ పోయిందని తొట్టిలోనే కూర్చుని భోరుమన్నాను.

"ఉత్త నాటకం," అన్నారు నాన్న. "కాస్త తిరిగితే నడవడం రాకుండా పోతుందా ఎవరికైనా?"

"అయితే మీరోసారి ఎక్కండి పెదనాన్నగారూ," అంది రమణి, ఎంతో వినయంగా.

రోషమొచ్చి ఎక్కారు. కొమ్మ మూలిగింది. రమణి పగబట్టినట్టు మెలిపెట్టింది.

దిగిన నాన్న రెండడుగులు వేసి, మామిడిచెట్టుని వాటేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "ఎవరే అక్కడ? ముందీ చెట్టుని ఆపండి!"

"అది బి.ఎస్సీ. చదివితే గానీ రాదు నాన్నా," అన్నాను, తౌడు తుడుచుకుంటూ.

"చదువు తల్లీ! తొందరగా చదువు!"

అలా బి.ఎస్సీ. అయితే అయింది గానీ, రోదసికి మాత్రం వెళ్ళలేదు, వెళ్ళను కూడా. ఆ రాత్రే అట్లు నైవేద్యం పెట్టి చంద్రుడి ముందు ప్రమాణం చేశాను: "స్వామీ, నువ్వక్కడే ఉండు, నేనిక్కడే ఉంటాను. దణ్ణాలు ఇక్కణ్ణుంచే."