తేళ్ళ కోసం పీకిన గోడ

మేకలు కాసేదానికి అక్షరాలెందుకని మా వాళ్ళు నన్ను బడికి పంపలేదు. యాభై దాటాక మనవరాలి పలక మీద దిద్ది నేర్చుకున్నాను. అందుకే ఎనభైల నాటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఒక వేసవిలో బొల్లాపల్లి దగ్గర మా ఊరికి జీపు వచ్చింది. దిగినవాళ్ళు పెద్ద చదువులు చదివిన సార్లు. మా బీడు భూముల్లో తేళ్ళనీ సాలెపురుగులనీ పట్టుకుని పరిశోధన చేస్తారట. బంగారం వెతకడానికి వచ్చినా అంత మర్యాద జరిగేది కాదేమో. పంచాయతీ ప్రెసిడెంటు వాళ్ళను తన ఇంట్లోనే దింపుకుని కోళ్ళు కోయించాడు. తేళ్ళు పాత రాళ్ళ సందుల్లో ఉంటాయని సార్లు అనగానే ఆయన మా మేకల దొడ్డి చూపించాడు.

మట్టి పెట్టకుండా నాపరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడ అది. నేను పొలం నుంచి వచ్చేసరికి సగం నేల మీద ఉంది. సార్లు తేలును పట్టకారుతో ఎత్తి, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినంత మెత్తగా సీసాలోకి దించుతున్నారు. రాళ్ళు లాగి ఇస్తున్నది ఎవరో కాదు, మా ఆయనే. పెద్ద సారు తనతో చెయ్యి కలిపాడని ముఖం వెలిగిపోతోంది.

దొడ్లో అప్పుడే ఈనిన మేకలున్నాయి. పొద్దు గూకితే గుట్ట మీద నుంచి నక్కలు దిగుతాయి. గోడ లేకపోతే పిల్లలు దక్కవు.

"సార్, ఈ గోడ మళ్ళీ ఎవరు పేరుస్తారు?" అన్నాను.

సారు సీసా మూత బిగిస్తూ, "మా పని అయిపోయిందమ్మా" అన్నాడు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు.

ప్రెసిడెంటు కసిరాడు. "ఏమే, దేశానికి పేరొచ్చిద్ది. మధ్యన నీ మేకపిల్లల గోలేంది?"

"దేశమొచ్చి నక్కల్ని తోలిద్దా? మీ దొడ్డి గోడా రాళ్ళదేగా, దాంట్లో లేవా తేళ్ళు?"

"చానా ఉన్నయ్. అది పీకితే నా గొడ్లు బయటికి పోవూ!" అన్నాడు. అన్నాక కూడా ఆయనకు సిగ్గు వెయ్యలేదు.

"ఊరుకోవే, సార్ల ముందర" అన్నాడు మా ఆయన.

"అయితే గోడకు బదులు నువ్వు పడుకో" అన్నాను. ఆ రాత్రి కర్ర పక్కన పెట్టుకుని దొడ్డి దగ్గరే పడుకున్నాడు. పిల్లల్ని మాత్రం నేను ఇంట్లో కట్టేసుకున్నాను. ఆయన కాపలా మీద నాకంత నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున, సార్లు ప్రెసిడెంటు పంచలో ఇడ్లీలు తింటుండగా, చిన్న మేకపిల్లల్ని చంకనేసుకుని మేకలన్నిటినీ ఆయన దొడ్లోకి తోలాను. "మా గోడ లేచిందాకా ఇయ్యి ఈడనే ఉంటయ్" అని చెప్పి, తడిక దగ్గరకు లాగి, మేత ఎక్కడుందో ఆయన భార్యనడిగాను.