లైను తెగిన రోజు నా గొంతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఇప్పటికీ అలాంటివి నమ్మను. అయినా ఈ ఒక్క ముచ్చట దగ్గర మాత్రం నా నోరు మూతపడుతుంది.

ఎనభైల్లో మహబూబ్‌నగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేదాన్ని. కోస్గి లైను తెగితే, ఆ ఊరికి ఫోన్ చేసినవాళ్లకు మా దగ్గరి టేపు జవాబు చెప్పేది. అందులో గొంతు నాది. రాసిచ్చిన వాక్యమేమో పుస్తకాల తెలుగు. నేను అలవాటుగా, "లైన్ ఖరాబైంది. జర ఆగి చెయ్యిండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి" అనేశాను. మా ఆఫీసరు తల పట్టుకున్నాడు. జనానికి నచ్చడంతో అలాగే ఉంచేశారు.

మా సొంతూరు కోస్గే. అక్కడ మా పక్కింటి షమీమ్ నాకు చెల్లెలి లెక్క. భర్త ఖాజా బొంబాయిలో టైలరు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. రెండోసారి నొప్పులు మొదలైన రోజే గాలివానకు లైను తెగింది. నాకేమో జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. సెలవు పెట్టి కోస్గి దవాఖానలో ఆమె పక్కనే కూర్చున్నాను. మాట రాదు, చెయ్యి పట్టుకోవడమే. ఈ బిడ్డ కూడా దక్కకపోతే షమీమ్ బతకదేమోనని నా ప్రాణం సగమైంది.

మాపటికి కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే! కడుపులో ఇద్దరున్నారని డాక్టరమ్మకు కూడా తెలియదు. అబ్బ, ఆ సంతోషం ఏం చెప్పను! ఏడుస్తూనే నవ్వాం.

మర్నాడు సాయంత్రం, లైను ఇంకా బాగుకాకముందే ఖాజా దిగాడు. సంచిలోంచి ఒకే గుడ్డతో కుట్టిన రెండు చిన్న గౌన్లు తీశాడు.

"ఇద్దరని నీకెవరు చెప్పిండ్రు?" అంది షమీమ్.

"గీ అక్కనే గదా!" అని నన్ను చూపించాడు. "నిన్న పొద్దున ఫోన్ చేస్తే, లైన్ ఖరాబైంది, ఫికర్ చెయ్యకు ఖాజా, ఇద్దరు ఆడపిల్లలు, అందరు మంచిగున్నరు అన్నది. గౌన్లు కుట్టుకొని రైలెక్కిన."

పొద్దున! అప్పటికి పిల్లలు పుట్టనేలేదు. నాకు గొంతే లేదు.

డ్యూటీలో చేరగానే టేపు వేసి మళ్లీ మళ్లీ విన్నాను. నేను చెప్పిన మాటలే, ఒక్కటీ ఎక్కువ లేదు. ఆ రోజు పనిచేసినవాళ్లెవరికీ ఖాజా ఎవరో కూడా తెలియదు.

నేను కాదని దవాఖానలోనే చేతులూపి ఎంత చెప్పబోయినా అతను వినలేదు. "మంచి కబురు చెప్పినోళ్ల నోరు తీపి చెయ్యాలె అక్కా" అంటూ మిఠాయి మొదట నా నోట్లోనే కుక్కాడు.

అది ఎవరికి దక్కాల్సిందో నాకు ఇప్పటికీ తెలియదు. తిన్నది మాత్రం నేనే.