రాజుగారు మరిచిపోయిన మునక

2022లో నేను భీమవరంలో ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. పాడైన మూత్రపిండాల పని మెషీన్ చేస్తుంది, ఆ మెషీన్ చాకిరీ మేం చేస్తాం. రోగులు వారానికి మూడుసార్లు వచ్చి, గంటల తరబడి పక్కపక్క మంచాల మీద పడుకుంటారు. కొన్నాళ్లకు పరాయివాళ్లు కూడా చుట్టాలైపోతారు.

కిటికీ పక్క మంచం రాజుగారిది. రొయ్యల చెరువుల ఆసామి, మాట కరుకు. ఆయనకు చేతికి ఫిస్టులా ఉంది, అంటే సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషన్ చేసి పెద్దది చేసిన నరం. పక్క మంచం నూకాలమ్మది, నరసాపురం వైపు నుంచి వచ్చే చేపలమ్మే మనిషి. ఆమె నరాలు ఫిస్టులాకు పనికిరాలేదు. అందుకని మెడ కింద కేథటర్ అనే గొట్టం వేశారు. దానికి తడి తగిలితే ఇన్ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది.

ఆ కార్తీకంలో రాజుగారు డయాలసిస్‌కు రావడం ఎగ్గొట్టారు. చివరికి ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసంతో వచ్చారు. డాక్టరుగారు కేకలేసి వెళ్లాక రాజుగారు నన్ను అడిగారు. "ఇంత నొప్పి దేనికమ్మా? దేనికో తెలిస్తే పడతాను."

రక్తంలో క్రియాటినిన్ ఎందుకు పెరుగుతుందో అడిగితే చెప్పేదాన్ని. ఇది అడిగేసరికి, ఉప్పు తగ్గించమని ఏదో నసిగాను. ఎవరి కర్మ వాళ్లది, నాది ఇక చాలించుకుంటానని ఆయన గోడవైపు తిరిగారు. మానేస్తే ఎన్నాళ్లో బతకరని ఆ గదిలో అందరికీ తెలుసు.

అప్పుడు నూకాలమ్మ నెమ్మదిగా అంది. "రాజుగారండీ, ఒడ్డున నిలబడి వల అందరం కలిసి లాగుతామండి. ఒకరు తాడొదిలేస్తే పక్కోళ్ల అరచేతులు కోసుకుపోతాయండి."

 ఆమె అంతటితో ఊరుకోక ఆయన్నే ఒక సాయం అడిగింది. ఏటా కార్తీకంలో గోదావరి స్నానం చేస్తుందట, ఈసారి గొట్టం అడ్డం. తన పేరున ఒక మునక వేసి రమ్మంది. రేవుకు రాలేనివాళ్ల పేరు చెప్పి మునగడం మా వైపు మామూలే, కానీ అది ఇంటివాళ్లకే వేస్తారు. మళ్లీ రప్పించడానికి పన్నిన ఎత్తో, నిజంగా నమ్మే అడిగిందో ఇప్పటికీ నాకు తేలదు.

తరువాతి వంతు రోజు మెషీన్ సిద్ధం చేసి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. రాజుగారు ఆలస్యంగా, తడి జుట్టుతో వచ్చారు. నూకాలమ్మ పేరు చెప్పి మునిగాక అవతలి మంచం మనిషి పేరు నోటికొచ్చిందట, ఆ తరువాత మిగతావాళ్లవీ. "అందరికీ వేశాను. గట్టెక్కి తల తుడుచుకుంటుంటే గుర్తొచ్చింది, నాది వేసుకోలేదు."

నూకాలమ్మ ఎంత నవ్విందంటే, గొట్టం కదిలి మెషీన్ అలారం మోగింది. రాజుగారు మళ్లీ ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు.

మరుసటి వేసవిలో నూకాలమ్మ ఇంట్లోనే, గుండె ఆగి చనిపోయింది. చాలా ఏడ్చాను. నాకంతా అయోమయంగా ఉంది. ఆమె పడ్డ బాధ రాజుగారిని గట్టెక్కించడానికేనా? అలాగైతే ఆమెను ఎవరు గట్టెక్కించాలి? డయాలసిస్ మధ్యలో కాళ్ల నరాలు పట్టేసి మనిషి మెలికలు తిరగడం రోజూ చూసేదాన్ని, బాధ మంచిదని మాత్రం నా నోట రాదు. అయినా కిటికీ పక్కన ఆయన బతికే ఉన్నారు.

పోయిన కార్తీకంలో సూదికి చెయ్యి చాపుతూ ఆయన, నూకాలమ్మ పేరు తరువాత నా పేరున కూడా మునిగానన్నారు. నాకేం జబ్బు లేదు కదండీ అన్నాను.

"ఈ గదిలో ఉన్నావు కదమ్మా."

సూది గుచ్చే ముందు 'నొప్పేం ఉండదండీ' అనడం నాకు ఏళ్ల నాటి అలవాటు. ఆ రోజుతో ఆ మాట మానేశాను. ఇప్పుడు ఎవరికైనా ఒకటే చెబుతాను: "నొప్పిగానే ఉంటుందండీ. నేనిక్కడే ఉంటాను."