తెర నల్లబడిన రోజు ప్రార్థన

ఆన్ చేసిన కాసేపటికే ల్యాప్‌టాప్ తెర నల్లబడింది. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతోంది. మదనపల్లెలో నాతో చదివిన మీకు మన మిషన్ స్కూలు కంప్యూటర్ గది గుర్తుందా? చెప్పులు బయటే వదిలేవాళ్లం. దుమ్ము పడుతుందని కిటికీలు మూసేసేవారు, ఉక్కకు ఊపిరాడేది కాదు. ఓసారి తెర ఇట్లాగే నల్లబడితే కంప్యూటర్ మేడమ్ తలుపు గడియ పెట్టేశారు.

"బొమ్మ వచ్చేదాకా ఎవురూ బయటికి పొయ్యేది లేదు. కండ్లు మూసుకోని ప్రార్థన చెయ్యండప్పా!"

నేను ఒక కన్ను తెరిచాను. తెర కింద ఉన్న బ్రైట్‌నెస్ చక్రాన్ని మేడమ్ మెల్లగా తిప్పుతున్నారు. బొమ్మ వచ్చింది.

"సూడండి, ప్రభువు ఇన్నాడు!" అన్నారు.

ఇవాళ తలుపు తీసే ఉంది. కానీ ఆన్‌లైన్‌లో ఆఫీసు మీటింగ్ మొదలైంది, లేచి వెళ్లలేను. కీలన్నీ నొక్కి చూసి, చివరికి కళ్లు మూసుకున్నాను. చక్రం తిప్పడానికి మేడమ్ లేరు.