సూర తాత గాలానికి నేను వేసిన ముడి

తెలంగాణ వచ్చిన కొత్తలో డిగ్రీ పట్టా చేతికొచ్చినవాడికి మా ఊళ్లో ఒక హోదా ఉండేది. ఉద్యోగం లేకపోయినా రేపో మాపో నోటిఫికేషన్ పడుతుందని అందరూ గౌరవంగానే చూసేవాళ్లు. ఆ గౌరవాన్ని నేను రెండేళ్లు హాయిగా అనుభవించాను. మూడో ఎండాకాలం మా బాపు నా పుస్తకాల పక్కన గొంగడి పడేసి, "సదువు సదువే, గొర్లు గొర్లే. నడువు" అన్నాడు. మా పాలమూరు మిట్టల్లో మేత ఎండిపోగానే గొర్లను కొల్లాపూర్ దాటించి కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవడం మా ఇంటి ఆనవాయితీ. నీళ్లు వెనక్కి పోయిన జాగాలో అక్కడ పచ్చిక మొలుస్తుంది. (పోటీ పరీక్షల పుస్తకం ఒకటి గొంగట్లో చుట్టి తీసుకుపోయాను. దాని మొదటి పేజీలను ఒక మేక తినేసింది. మిగతావి నేను ముట్టలేదు కాబట్టి మా ఇద్దరిలో మేకే నయం.)

ఆ ఒడ్డున, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వలస వచ్చిన జాలరుల గుడిసెలు నాలుగైదు ఉండేవి. వాళ్లలో ఒక ముసలాయన వయసులో ఉన్నప్పుడు సముద్రంలో సూర చేపలు పట్టిన మనిషి. సూర అంటే చదువుకున్నవాళ్లు ట్యూనా అంటారే, ఆ పెద్ద చేప. నోరు తెరిస్తే సూర మాటే గనక ఆయన నాకు సూర తాత అయ్యాడు, నేను ఆయనకు 'డిగ్రీ'నయ్యాను. కట్టె లేకుండా ఉత్త చేతితో పట్టే గాలమంటే ఆయనకు ప్రాణం. "కర్రతో సేప పడితే దాని సంగతి కర్రకి తెలుస్తాది, నీకేటి తెలుస్తాదిరా? దారం ఏలి మీద ఉండాల" అనేవాడు.

అయితే ఆ ఏడు ఆయనకొక చిక్కు వచ్చిపడింది. నేను పోవడానికి కొద్దిరోజుల ముందు వల తాడు ఆయన చేతిలోంచి జారి, పుట్టి ఒక పక్కకు ఒరిగి, కొడుకు నీళ్లలో పడ్డాడట. పుట్టి అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, అది ఒరగడానికి ఎంతసేపు. కొడుకు నెమ్మదస్థుడే గానీ మాట మీద నిలబడే మనిషి. "అయ్యా, ఈ వారంలోగా ఒక్క పెద్ద సేపని సేత్తో లాగి సూపించు. నేకపోతే ఇంక పుట్టెక్కొద్దు" అనేశాడు. ఒడ్డున కూర్చోవడమంటే ఆయనకు బతుకు అయిపోయినట్టే. ఆ మాట ఆయనే నాతో చెప్పాడు, నీళ్లకేసి చూస్తూ.

అందుకని సూరకు కట్టే గాలాన్నే ఈ నదిలో పెరిగే పెద్ద చేప వాలుగకు కడదామన్నాడు. రెండు రోజులు కూర్చొని కట్టాం. లావాటి నైలాన్ దారాన్ని ఎండలో సాగదీసి మెలికలు తీశాం, అరిగిపోయిన చెక్కముక్కకు వరసగా చుట్టాం, బరువుకు పాత ట్రాక్టర్ నట్టు కట్టాం. దారం వేళ్లను కోయకుండా సైకిల్ ట్యూబు ముక్కలు కోసి ఉంగరాల్లా తొడిగాం. నేను పదివేళ్లకూ తొడుక్కుని గొర్ల ముందు తిరిగాను, అవి పట్టించుకోలేదు. చివరికి గాలం ముల్లు కట్టే పని మిగిలింది. ఆయన కళ్లకు దారం కొస ఆనడం లేదు, నన్ను కట్టమన్నాడు. "గట్టిగా కట్టినావేటిరా?" అని అడిగితే, "పుట్టినకాడి నుంచి ముడులే కడుతున్న తాతా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆయన నమ్మాడు.

తెల్లారి, గడువు ఆఖరి రోజున, ఆయనా నేనూ పుట్టిలో పోయాం. (నాకు ఈత రాదు. తెడ్డు ఒక చేత్తో, పుట్టి అంచు ఒక చేత్తో పట్టుకున్నాను.) ఎండ ఎక్కేసరికి దారం బిగుసుకుంది. ఆయన ముఖం మారిపోయింది. ఆ చేతులకు ఏ వణుకూ లేదు, దారం వదులుతూ, లాగుతూ, మళ్లీ వదులుతూ చేపను దగ్గరకు తెచ్చాడు. దాని వీపు ఒక్కసారి నీళ్ల మీద కనబడింది, నా తొడంత ఉంది. అంతలో దారం ఉత్తగా వచ్చేసింది.

"కొరికింది తాతా" అన్నాను. ఆయన దారం కొసను వేళ్ల మధ్య తడిమి చూశాడు. కొరికితే తెగిన గుర్తు ఉండాలి. కొస మెలిక తిరిగి సాఫుగా ఉంది. నేను కట్టింది గొర్రెపిల్లల ముడి. పిల్ల పెనుగులాడి మెడ బిగుసుకుంటే ఒక్క గుంజుడుకు ఊడొచ్చేలా, కొసను మడిచి దోపుతాం. నార తాడు మీద ఆ ముడి నిలుస్తుంది, నున్నటి నైలాన్ మీద నిలవదు. నా చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. ఆయన నా వంక ఒకసారి చూసి, దారాన్ని చెక్కముక్కకు చుట్టేశాడు. ఒడ్డున కొడుకు అడిగితే మాత్రం, "సెయ్యి జారిందిరా" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తెడ్డు పడేసి గొర్ల దగ్గరికి పోయాను.

మర్నాటి నుంచి ఆయన లేకుండానే పుట్టి నీళ్లలోకి పోయింది. నాలుగో రోజున నాకు అన్నం సహించక, వల బాగు చేసుకుంటున్న కొడుకు దగ్గరికి పోయాను. "అన్నా, తాత చెయ్యి జారలే. ముడి నాది" అని అక్కడున్న గుంజకు నైలాన్ దారంతో అదే ముడి వేసి చూపించాను. అతను గుంజాడు, ఊడొచ్చింది. దారం కొస చేతిలో పట్టుకుని, "నాలుగు రోజులు ఏటి సేసినావు?" అన్నాడు.

"గొర్లు కాసిన" అన్నాను. 

తెల్లారి సూర తాత పుట్టెక్కుతూ నా మీద విరుచుకుపడ్డాడు. "నిన్నెవడు సెప్పమన్నాడ్రా? కొడుకు కాడ నన్ను అబద్ధాలోణ్ని సేసినావు" అని, వెనక్కి చూడకుండా పోయాడు. ఆ రోజు ఆయనకేమీ పడలేదు. ఆ తర్వాతి రోజూ పడలేదు. అయినా కొడుకు ఆయన్ను పుట్టెక్కించుకుంటూనే ఉన్నాడు.

తర్వాత నోటిఫికేషన్ నిజంగానే పడి, నేను షాద్‌నగర్‌లో గుమాస్తానయ్యాను. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు తోటివాళ్లకు ఈ కథ చెప్పడం నాకు సరదా. చెప్పినప్పుడల్లా వాలుగ కొంచెం పెరుగుతుంది, కథలో నేను పుట్టి ఒడ్డుకు తగలగానే తప్పు ఒప్పేసుకుంటాను. అందరూ మెచ్చుకుంటారు, నేను వినయంగా నవ్వుతాను. రాయడానికి కూర్చున్నాక మాత్రం నాలుగు రోజులని రాయక తప్పలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన గుడిసె ముందు కూర్చొని, నేను గొర్లతో అటు పోయినప్పుడల్లా "బువ్వ తిన్నావేటిరా డిగ్రీ" అని అడిగాడు. తిన్నానని చెప్పి, గొర్లను అదిలిస్తూ పోయాను.