గుండును మింగిన సెట్టింగులు

ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. ఏసీ కూడా ఆ గదికే ఉండేది. మనుషులకంటే యంత్రానికే మర్యాద ఎక్కువ. తార్నాకలో ఒక మేడ మీదున్న డిజైన్ ఆఫీసులో నేను కొత్తగా చేరాను. పని చూసి నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. మా సీనియర్ ఇంజనీరును అందరం అక్క అనే పిలిచేవాళ్లం. సీతాఫల్‌మండి నుంచి లూనా మీద వచ్చేది.

యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ల ముందున్న ఎగుడుదిగుడు నేలను మైదానంగా చదును చేసే పని మాకొచ్చింది. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ మట్టి పోయాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అప్పుడే దిగింది. దానికి ముందుగా ప్రాజెక్టు సెట్టింగులు పెట్టాలి. వాలు ఎంత ఉండొచ్చు, నీళ్లు ఎటు పోవాలి, దేన్ని ముట్టుకోకూడదు, ఇవన్నీ అక్కడ ఒకసారి చెబితే స్థలం మొత్తానికి వర్తిస్తాయి. "తమ్మీ, జర సోంచాయించి పెట్టు" అని చెప్పి అక్క వేరే సైటుకు వెళ్లింది. నేను ఎంత ఆలోచించానంటే, మట్టి బయటినుంచి తేవద్దు, బయటికి పంపొద్దు అన్న ఒక్క షరతు పెట్టి, తక్కినవన్నీ ఖాళీగా వదిలేసి ఎంటర్ కొట్టాను. (కుర్రతనంలో ఆ మీట మీద ఉన్న నమ్మకం మరి దేనిమీదా ఉండేది కాదు.) సాయంత్రానికి అద్దంలాంటి మైదానం తయారైంది. గర్వంతో ఆ పూట అన్నం కూడా సయించలేదు.

మర్నాడు యూనివర్సిటీ ఇంజనీరు సారు వచ్చి, అక్క పరిచిన నక్షా కాగితం మీద వేలితో వెతికారు.

"గుండేది?"

హాస్టళ్ల ముందు ఒక పెద్ద రాతిగుండు ఉంది. పరీక్షలొస్తే విద్యార్థులంతా దాని మీదకెక్కి చదువుకునేవారు. అది రాయి అని నేను చెప్పలేదు కాబట్టి, కంప్యూటర్ దాన్ని మట్టిదిబ్బ అనుకుని తవ్వేసి, ఆ మట్టితో గుంతలు పూడ్చేసింది.

"గంత బండ తియ్యాలంటె పేల్చాలె. పరీక్షల టైంల హాస్టల్ ముంగట డైనమైట్ పెడ్తరా? నేను గా గుండు మీద చదివే పాసైన! ఎవరు జేసిన్రు గీ పని?"

నా ఉద్యోగం నా కళ్లముందే పేలిపోయింది. నోరు తెరిచేలోపు అక్క లేచింది.

"నేనే సార్. చూడకుండ మీ ముందల పెట్టిన, తప్పు నాది. సాయంత్రం దాక టైమియ్యండి."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సెట్టింగులన్నీ మళ్లీ పెట్టింది. గుండు చుట్టూ గీత గీసి ముట్టుకోవద్దంది. ఆటకు ఒక వాలు, నడకదారికి ఒక వాలు ఇచ్చింది. నీళ్లు ఎటు పోవాలో చెప్పడానికి మాత్రం ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. మొన్నటి వానలో నీళ్లు ఎటు పారుతున్నాయో చూడ్డానికి గొడుగేసుకుని ఆ నేలంతా తిరిగొచ్చిందట. ఎంత మనిషో అనిపించింది! కొత్త నక్షాలో మైదానం గుండుకు దారిచ్చి పక్కకు జరిగింది. సారు చూసి చాయ్ తెప్పించమన్నారు.

ఆయన వెళ్లాక భయంభయంగా అడిగాను. "రేపటి సంది రావాల్నా అక్కా, వద్దా?"

"రేపెందుకు? ఇప్పుడే నడువు. నువ్వింక గా గుండును చూడనే లేదు గద!"

కుచ్చిళ్లు దోపుకుని గుండు మీదికి ముందు ఆమే ఎక్కింది. నేను సగంలో రెండుసార్లు జారాను.

ఇప్పుడు నా దగ్గరా కుర్రాళ్లు పనిచేస్తున్నారు. ఏదైనా తప్పు బయటపడితే నేనూ లేచి "తప్పు నాది" అంటాను. అనేముందు ఒకసారి గొంతు సవరించుకుంటాను, కళ్లజోడు తుడుచుకుంటాను, ఆ కుర్రాడివైపు ఒక చూపు చూస్తాను. అక్కకు ఇవేవీ అవసరం పడలేదు.